బాలింతకు పథ్యము సరే, మనసు మాటేమి?

మన ప్రాంతములలో ఒక ఇంట పురుడు వచ్చినదనగా ఆ ఇంటి పెద్ద స్త్రీలకు తెలియని శాస్త్రము లేదు. బాలింత చెవులలో దూది ఉంచవలెను, తలకు గుడ్డ కట్టవలెను, నడుమునకు పాతచీర బిగించవలెను, కాచి చల్లార్చిన నీళ్లే ఇయ్యవలెను. హైందవ గృహములలో కాయము, వెల్లుల్లి కారము, పాతబియ్యపు అన్నము. మా గృహములలో హరీరా, గోందు లడ్డు. సాంబ్రాణి పొగ మాత్రము ఇద్దరి ఇండ్లలోను ఒక్కటే. పల్లెలలోనైతే ఈ భేదము కూడ లేదు. పొరుగింటి అవ్వ పంపిన కాయము మా ఇంటి బాలింతయు తినినది, మా దాదీ చెప్పిన కషాయము పొరుగింటి బాలింతయు త్రాగినది.

ఈ శ్రద్ధను తక్కువ చేసి చెప్పుట మా ఉద్దేశము కాదు. వైద్యుడు పది కోసుల దూరమున ఉన్న కాలములో ఈ ముసలమ్మల జ్ఞానమే ఎందరినో కాపాడినది. అయితే ఒక్క సందేహము. ఏమి తినినది, ఎంతసేపు పడుకొన్నది, పాలు పడినవా లేదా అని దినమునకు పదిమంది విచారించెడి ఆ ఇంటిలో "నీ మనసెట్లున్నదమ్మా" అని అడుగువారెందరు? ఆ మాట అడిగినచో నిజము చెప్పుటకు ఆ పిల్లకు ధైర్యము కలదా? చెప్పినచో వినుటకు మనకు ఓర్పు కలదా?

భాషను బోధించువారము గనుక మాకు ముందుగా మాటలే తోచును. బాలింత, పచ్చి బాలింత, పురుడు, పథ్యము, కాయము, సన్నిపాతము అని తెలుగులో ఒక చిన్న నిఘంటువే ఉన్నది. ఉర్దూలో జచ్చా, జచ్గీ, నిఫాస్, ఛట్టీ, చిల్లా అని అంతే సంపద కలదు. కాని బిడ్డను కన్న పిదప స్త్రీ మనసును వారముల తరబడి, మాసముల తరబడి క్రమ్ముకొనెడి చీకటికి ఈ రెండు భాషల వాడుకలోను ఒక్క సరియైన మాట మాకు కనబడలేదు. సరియైన పేరు లేనిదానిని లోకము తప్పుపేరుతో పిలుచును. బిడ్డ ఏడ్చుచున్నను గోడవైపు చూచుచు కూర్చున్న పిల్లను ఒకరు పొగరన్నారు, ఒకరు సోమరితనమన్నారు. మరియొకరు గాలి సోకినదన్నారు, అసర్ అన్నారు. ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదని సరిపుచ్చుకొన్నవారును ఉన్నారు. "డిప్రెషన్" అను ఇంగ్లీషు మాట మన విద్యార్థుల నోట నిత్యము వినబడుచునే ఉన్నది గాని, అది మార్కులు తగ్గినప్పుడు, క్రికెట్టులో ఓడినప్పుడు వాడెడి మాట అయిపోయినది. ఇంటిలో అక్కకో వదినెకో అదే నిజముగా వచ్చినప్పుడు ఆ మాట ఎవరికిని జ్ఞాపకము రాదు.

వైద్యులు చెప్పునది కొంత విందము. కాన్పు అయిన మూడవ నాలుగవ దినమున అకారణముగా కన్నీరు వచ్చుట, చీటికిమాటికి ఉలికిపడుట చాలమంది తల్లులకు కలుగును. ఇది రోగము కాదు. రెండు వారములలోపల తనంతట తానే తగ్గిపోవును. నిద్ర, ఊరట, ఒక మంచి మాట దీనికి చాలును. రెండు వారములు గడచినను తగ్గక, దేనిమీదను ఆసక్తి లేక, ఆకలి నిద్రలు చెడి, నేను పనికిరాని తల్లిననెడి భావము పీడించుచున్నచో అది కుంగుబాటు. బిడ్డ నిద్రించినను తల్లికి నిద్ర పట్టకపోవుట దీని గురుతులలో ఒకటి. ఇది కాన్పు తరువాతనే రావలెనని లేదు, గర్భముతో ఉన్నప్పుడే మొదలు కావచ్చును. ఏడాదిలోపల ఎప్పుడైనను తల ఎత్తవచ్చును. మూడవది అరుదైనది, మిక్కిలి ప్రమాదకరమైనది. 1000 కాన్పులలో ఒకరిద్దరికి, తరచుగా మొదటి రెండు వారములలోనే, మతి చలించినట్లు మాటలు, లేని ధ్వనులు వినబడుట, బిడ్డను గూర్చి వింత అనుమానములు కలుగును. మన పెద్దలు బాలింత సన్నిపాతమని చెప్పుకొనిన వానిలో కొన్ని ఇవియే అయి ఉండవచ్చునని మా ఊహ. దీనికి ఒక్క పూట కూడ ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తాయెత్తు కట్టదలచినవారు కట్టుకొనవచ్చును, మాకు అభ్యంతరము లేదు. బండి ఎక్కిన పిదప కట్టుకొన్నను దాని మహిమ తగ్గదు.

ఇది ఎక్కడనో ఒకరికి వచ్చు బాధ అని తలచువారికి కొన్ని అంకెలు చూపవలసియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బిడ్డను కన్న స్త్రీలలో సుమారు 13 శాతము మందికి మానసిక వ్యాధి, ముఖ్యముగా కుంగుబాటు, కలుగుచున్నది. వర్ధమాన దేశములలో అది దాదాపు 20 శాతము. మన దేశములో జరిగిన 38 పరిశోధనలను, 20 వేలకు పైగా తల్లుల వివరములను కలిపి చూచి 2017లో ఆ సంస్థ పత్రికలోనే ప్రచురించిన సమీక్షలో 22 శాతమని తేలినది. అనగా అయిదుగురు బాలింతలలో ఒకరు. మన కళాశాలలో ఏ తరగతిలోనైనను అక్కలు, వదినెలు, పిన్నులు ఉన్నవారిని లెక్కించినచో ఈ అయిదింట ఒకరు మనకు ఎంత దగ్గరివారో తెలియును.

కారణములు పలువిధములు. కాన్పుతోనే శరీరములోని కొన్ని గ్రంథిరసములు హఠాత్తుగా పడిపోవును. రాత్రి వెంబడి రాత్రి నిద్ర ఉండదు. రక్తహీనత సరేసరి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములోను తెలంగాణములోను సగమునకు మించిన స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. అదే సర్వేలో తెలంగాణములో 100 కాన్పులలో 60 కోత కాన్పులు. పొట్టమీద కుట్లతో ఇంటికి వచ్చిన స్త్రీకి పూర్వపు పథ్యము మాత్రమే చాలదు. ఆమె నొప్పి వేరు, ఆమె అలసట వేరు. వీటికి తోడు ముందే మనసు బలహీనముగా ఉన్నవారు, కట్టుకొన్నవాని చేత దెబ్బలు తినువారు, అప్పులలో ఉన్నవారు మరింత సులభముగా కుంగిపోవుదురు.

ఇంకొక కారణము వ్రాయుటకు చేయి రాకున్నను వ్రాయవలసియే యున్నది. గోవాలో డాక్టరు విక్రమ్ పటేల్, ఆయన సహచరులు ఒక జిల్లా ఆసుపత్రికి వచ్చిన తల్లులను పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితములలో, ఆరు నుండి ఎనిమిది వారముల నాటికి 23 శాతము మంది కుంగుబాటుతో ఉన్నారు. పేదరికము, భర్త దౌర్జన్యములతో పాటు ఆడపిల్ల పుట్టుట కూడ అందొక కారణముగా తేలినది. ఆడపిల్లను కన్నందుకు తల్లి ఏల కుంగవలెను? ఆమె తనంతట తాను కుంగలేదు. ఆసుపత్రి వరండాలో నిలిచియున్న మనము ముఖములు ముడుచుకొన్నందుకు కుంగినది. మిఠాయి డబ్బా తెరువక పోవుట, "ఈసారికి ఇంతే లే, మరుసారి చూతము" అని ఓదార్చుట, ఇవి చాలును. ఈ ఓదార్పు శాపముకంటె నయమేమియు కాదు.

చదువుకొన్న స్త్రీలు కూడ ఈ బాధను బాధ అని చెప్పుకొనరు. తలనొప్పి అందురు, ఒళ్లంతా తిమ్మిరి అందురు, గుండె దడ అందురు. మా ఇండ్లలో "దిల్ ఘబ్‌రారా" అని ఒక్క మాటలో ముగింతురు. ఇంటివారు బలహీనత అనుకొని టానిక్కు తెత్తురు. వైద్యుడును రద్దీలో బిడ్డ బరువు, కుట్లు చూచి పంపివేయును. వెలుపల వేచియున్న అత్తగారు వినుచుండగా ఏ కోడలు మాత్రము నోరు విప్పును? అయితే అడుగు పద్ధతి ఒకటి లేకపోలేదు. బ్రిటనులో జాన్ కాక్స్ అను మనోవైద్యుడు తన సహచరులతో కూడి 1987లో ప్రకటించిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే. గడచిన ఏడు దినములలో నవ్వగలిగితివా, రాబోవు దినములను సంతోషముతో తలచుకొనగలిగితివా, కారణము లేకయే నిన్ను నీవు నిందించుకొంటివా, ఈ తీరున సాగును. పదవ ప్రశ్న తనకు తాను హాని చేసికొనవలెననెడి ఆలోచన వచ్చినదా అని. అయిదు నిమిషముల పని. ప్రశ్నావళియే రోగనిర్ణయము కాదు, కాని ఎవరిని వైద్యుని వద్దకు పంపవలెనో అది చెప్పగలదు. ఆ పదవ ప్రశ్న అడిగినందున లేని ఆలోచన పుట్టునని భయపడువారున్నారు. ఆ భయమునకు ఆధారము లేదు. అడిగినందువలన చాలమందికి గుండె బరువు దిగును.

ఇక చిల్లా సంగతి. కాన్పు తరువాత నలుబది దినములు స్త్రీకి నమాజు, రోజాల విధి లేదు. బరువు పనులును లేవు. తొలి కాన్పైనచో తల్లి చెంతనే ఉండును. నేటి వైద్యశాస్త్రము విశ్రాంతి, తోడు, పోషణ అని చెప్పునవన్నియు ఇందులో ఇమిడియున్నవి. కావున చిల్లాను మూఢాచారమని త్రోసివేయు ఆధునికులతో మేము ఏకీభవింపము. కాని అందు రెండు లోపములు మాకు కనబడుచున్నవి. ఒకటి, తోడు పేరిట జరిగెడి సంత. చూడవచ్చినవారందరు ఒక సలహా ఇచ్చిపోవుదురు. బిడ్డ నలుపన్నవారొకరు, పాలు చాలలేదన్నవారొకరు, మా కోడలు మూడవనాడే లేచి తిరిగినదన్నవారొకరు. బాలింత ఒంటరిగా ఏడ్చుటకైనను చోటు దొరకదు. రెండవది మరింత ముఖ్యము. నలుబదవ దినమున స్నానము కాగానే సర్వము ఒక్కసారిగా ఆగిపోవును. నిన్నటివరకు మంచము దిగనీయని పిల్ల నేడు బిడ్డనెత్తుకొని అత్తవారి ఇంటికి బయలుదేరును. అక్కడ పదిమంది వంట, నీళ్ల బిందెలు, రాత్రి బిడ్డ ఏడుపు. కుంగుబాటునకు పంచాంగము తెలియదు. రెండవ నెలలో రావచ్చును, అయిదవ నెలలో రావచ్చును. అప్పుడామె బాలింత కాదు గనుక ఎవరికిని కనబడదు.

హైదరాబాదులో ఒక్క గది అద్దె ఇంటిలో ఉన్న జంటకైనచో ఆ నలుబది దినములును లేవు. తల్లి వచ్చినను పది దినములకంటె ఉండలేదు. కడప, నిజామాబాదు, కరీంనగరు జిల్లాలలో ఎన్నో ఇండ్ల మగవారు గల్ఫ్ దేశములలో ఉన్నారు; బిడ్డ పుట్టిన ఏడాదికి గాని తండ్రి ముఖము చూడని పిల్లలు ఆ ఊళ్లలో వింత కాదు. ఫోనులో బిడ్డను చూపుట సులభమైనది, సంతోషమే. కాని ఆ తెర ముందు తల్లి జుట్టు దువ్వుకొని నవ్వవలెను. అంత దూరమున ఎండలో కష్టపడుచున్న మనిషికి నేను ఏడ్చుచున్నానని ఎట్లు చెప్పుదునని ఆమె మౌనముగా ఉండును. ఆయనయు తన కష్టము చెప్పడు. కడప ప్రాంతమునుండి ఇంటిపనికై కువైటు పోయిన తల్లులు పసిబిడ్డలను అమ్మమ్మలకు అప్పగించి, పరాయి వారి బిడ్డలకు పాలసీసాలు పట్టుచున్నారు. వీరి మనసుల లెక్క ఏ సర్వేలోనైనను ఉన్నదో లేదో.

ఈమాన్ గల స్త్రీకి ఇటువంటి దిగులేమిటని మా వారిలో కొందరు పెద్దలు అనుటను మేము విన్నాము. వారికి వినయముతో మర్యం సూరాను జ్ఞాపకము చేయుదుము. ప్రసవవేదనతో ఖర్జూరపు మొదలు చేరిన హజ్రత్ మర్యం దీనికి ముందే మరణించి మరపునకు వచ్చియుండిన బాగుండెడిదని తలపోసిన ఘట్టము అందరును చదివినదే. ఆ మాటకు ఆమెను ఎవరును దండింపలేదు, విశ్వాసము లేదని నిందింపలేదు. దుఃఖింపవలదని ఊరట లభించినది. కాళ్ల దిగువన నీరు చూపబడినది. పండిన ఖర్జూరములు రాలినవి. తిని, త్రాగి కన్నులు చల్లబరచుకొనుమనెడి ఆదేశము వచ్చినది. అంతేకాదు, ఆ దినమున మనుష్యులతో మాటలాడనని మౌనము పూనుటకు అనుమతియు దొరకినది. సంజాయిషీలు చెప్పవలసిన పని తప్పినది. బాలింతకు ఏమి కావలెనో ఇంతకంటె చక్కగా ఏ గ్రంథము చెప్పినది? పాలిచ్చు తల్లి అన్నవస్త్రముల భారము తండ్రిపై ఉంచి, బిడ్డ కారణముగా తల్లికి బాధ కలుగరాదని బఖరా సూరా విధించియున్నది. తల్లి పాదములక్రింద స్వర్గమున్నదని వేదికలపై పలికెడివారము, ఆ పాదములకు పగుళ్లున్నవేమో వంగి చూచుట మంచిది.

శరీర విషయమున దేశము చాల దూరము నడచినది. 2001-03లో లక్ష కాన్పులకు 301గా ఉన్న మాతృమరణములు 2018-20 నాటికి 97కు దిగినవి. తెలంగాణములో 43, ఆంధ్రప్రదేశములో 45. ఆశా కార్యకర్తలు, 108 వాహనములు, ఆసుపత్రి కాన్పులు దీనికి తోడ్పడినవి. 2017లో తెలంగాణ ప్రభుత్వము కాన్పైన తల్లులకు సబ్బు, నూనె, దోమతెర, చీరలు గల పెట్టెను, కొంత నగదును ఇచ్చు పథకము ప్రారంభించినప్పుడు, ఆడబిడ్డ పుట్టినచో వేయి రూపాయలు అదనముగా ఇచ్చుట మాకు మిక్కిలి నచ్చిన అంశము. అయితే ప్రాణము దక్కిన తల్లి తరువాత ఎట్లున్నదని అడుగుట మనమింకను మొదలుపెట్టవలసియున్నది. వైద్యసౌకర్యములు సమృద్ధిగానున్న బ్రిటనులోనే, కాన్పైన ఆరు వారముల పిదప ఏడాదిలోపల జరుగు తల్లుల మరణములకు ఆత్మహత్యయే ప్రధాన కారణములలో ఒకటిగా అక్కడి విచారణ నివేదికలు పలుమార్లు తెలిపినవి.

ఇందుకు చికిత్స ఉన్నది. అది పెద్ద పట్టణములకు, పెద్ద డబ్బునకు మాత్రమే చెందినది కాదు. పాకిస్తానులోని రావల్పిండి పల్లెలలో జరిగిన పని ఇందుకు తార్కాణము. డాక్టరు ఆతిఫ్ రహమాన్ బృందము అక్కడ గ్రామముల ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలకు, అనగా మన ఆశా కార్యకర్తలవంటి వారికి, కుంగిన తల్లితో ఎట్లు మాటలాడవలెనో నేర్పినది. వారు గర్భిణుల ఇండ్లకే పోయి, కాన్పునకు ముందు వెనుకలుగా పదునారు మార్లు కూర్చుండి మాటలాడిరి. నేను పనికిరానిదానననెడి తలపు వచ్చినప్పుడు దానిని పట్టుకొని పరీక్షించుట, చిన్న చిన్న పనులతో మరల నిలద్రొక్కుకొనుట, ఇంటివారిని తోడు చేసికొనుట, ఇదియే ఆ మాటల సారము. పోల్చి చూచుటకు మరికొన్ని గ్రామములలో శిక్షణ లేని కార్యకర్తలు అన్నిమార్లే పోయి వచ్చిరి. బిడ్డలకు ఆరు మాసములు నిండునాటికి శిక్షణ పొందినవారు చూచిన తల్లులలో 23 శాతము, ఇతరులలో 53 శాతము ఇంకను కుంగుబాటులో ఉన్నారు. 2008లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితములను ప్రకటించినది. తరువాత ఆ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకముగా వెలువరించినది. గోవాలో పొరుగు స్త్రీలకే తర్ఫీదునిచ్చి పరీక్షించిరి. ఇందులో మాకు అన్నిటికంటె నచ్చిన సంగతి ఏమనగా, ఇరుపక్షముల వారును తలుపు తట్టినది సమానముగానే. తేడా అంతయు లోపల కూర్చుండి ఏమి మాటలాడిరి, ఎట్లు వినిరి అనుదానిలోనే ఉన్నది.

తీవ్రమైన కుంగుబాటునకు మందులు అవసరము కావచ్చును. వానిలో కొన్నిటిని పాలిచ్చుచుండగనే వైద్యుని సలహాపై వాడవచ్చును. ఆ భయముతో మందు మానిపించరాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లో 2009 నుండి తల్లీబిడ్డలను కలిపియే ఉంచి చికిత్స చేయు విభాగము కలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడ చికిత్సలో ఉన్న తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా వేరుచేయరాదని చెప్పుచున్నది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఇన్ని ఉన్నను మన నాలుక మారలేదు. హైదరాబాదులో "ఎర్రగడ్డకు పంపవలె", విశాఖ వైపు "వాల్తేరు తీసికొనిపోవలె" అనెడివి నేటికిని ఎగతాళి మాటలే. ఆ ఎగతాళి ఉన్నంతకాలము ఏ తండ్రియు తన కూతురును ఆ గడప తొక్కనీయడు. అల్లునివారికి తెలియునేమో, రెండవ కూతురు పెండ్లి చెడునేమో అని భయము.

ఇప్పుడు మన కళాశాల సంగతికి వత్తుము. డిగ్రీ రెండవ సంవత్సరములో పెండ్లి అయి, మూడవ సంవత్సరములో తల్లులైన విద్యార్థినులు ప్రతి ఏట కొందరుందురు. హాజరుపట్టీలో వారి పేరు ఎదుట మొదట చుక్కలు, తరువాత ఎర్రగీత. కొన్ని ఏండ్ల క్రిందట ఒక విద్యార్థిని బిడ్డకు మూడవ నెల రాగానే తరగతికి తిరిగి వచ్చినది. అంతకుముందు పద్యము ధారగా అప్పగించెడి పిల్ల. తిరిగి వచ్చిన పిదప వెనుక బల్లపై కూర్చుండి కలము తెరువలేదు. ఒకనాడు తరగతి మధ్యలో చీర తడిసి, సిగ్గుతో పుస్తకములు గుండెకు అదుముకొని వెడలిపోయినది. బిడ్డకు పాలిచ్చుటకో, పాలు పిండుటకో, ఒక పావుగంట తలుపు వేసికొని కూర్చుండుటకో ఈ ఆవరణలో చోటు లేదు. ఆమె పరీక్ష రుసుము కట్టినది. 75 శాతము హాజరు లేదని హాల్ టిక్కెట్టు రాలేదు. నియమము ప్రకారము ఆఫీసువారు చేసినది సరియే. నియమమును మార్చుకొనవచ్చుననెడి సంగతి మాత్రము ఎవరును ఆమెకు చెప్పలేదు.

మార్చుకొనవచ్చును. విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము పరిశోధక విద్యార్థినులకు 240 దినముల వరకు ప్రసూతి, శిశుసంరక్షణ సెలవును 2016లోనే నియమావళిలో చేర్చినది. 2021 డిసెంబరులో డిగ్రీ, పి.జి. విద్యార్థినులకు కూడ ప్రసూతి సెలవు, హాజరు సడలింపు, దరఖాస్తు గడువుల పెంపు విషయమై తగిన నియమములు ఏర్పరచుకొమ్మని విశ్వవిద్యాలయములను కోరినది. ఉద్యోగినుల కొరకు 1961 నాటి చట్టమును 2017లో సవరించి 12 వారముల సెలవును 26 వారములకు పెంచినారు. చదువుకొను తల్లికి మాత్రము దినమున కొక గైరుహాజరు గురుతు.

దూరవిద్య ఉన్నది గదా, 1982 నుండి సార్వత్రిక విశ్వవిద్యాలయము నడచుచున్నది గదా, అక్కడ చేరవచ్చునని కొందరందురు. చేరుచున్నారు, చదువుచున్నారు, వారికి మా అభినందనలు. కాని కుంగుబాటులో ఉన్న పిల్లకు ఒంటరి గదిలో పుస్తకముకంటె పదిమంది తోటి పిల్లలు అవసరము. ఆమెను ఇంటికి పంపుట సులభోపాయమే గాని అది ఆమెకు ఉపాయము కాదు. ఇట్టి సౌకర్యములు కల్పించినచో చదువు నడుమ పెండ్లిండ్లు పెరుగునని మరియొక ఆక్షేపణ. చదువు ముగిసిన పిదపనే పెండ్లి అనునదే మా మతము; తల్లిదండ్రుల సమావేశములలో దానిని గట్టిగానే చెప్పుచున్నాము. అయినను, పాలిచ్చు గది ఉన్నదని తెలిసి కూతురు పెండ్లి ముందుకు జరిపిన తండ్రిని మేమింతవరకు చూడలేదు.

మగపిల్లలు ఈ పుటను త్రిప్పివేయుదురేమోనని మాకు సందేహము. తమ్ములారా, మీలో చాలమంది నాలుగైదు ఏండ్లలో తండ్రులగుదురు. కొందరు ఇప్పుడే మామలు, బాబాయిలు. చేయవలసిన పని గొప్పది కాదు. రాత్రి ఒక జాము బిడ్డను మీరు ఎత్తుకొని ఆమెను వరుసగా నాలుగు గంటలు పడుకొననిండు. చూడవచ్చినవారిని పది నిమిషములలో మర్యాదగా సాగనంపుడు. ఆమె ఏడ్చినచో కారణమడుగవలదు, సలహా ఈయవలదు, ప్రక్కన కూర్చుండుడు. రెండు వారములు దాటినను తగ్గకున్నచో వైద్యుని వద్దకు మీరే వెంట వెళ్లుడు. అమ్మీ ఏమనుకొనునో అని జంకవలదు. చాల ఇండ్లలో అమ్మీకే ఇది ఎవరును చెప్పక, తాను పడినదంతయు విధి అనుకొని ఓర్చుకొన్నది. ఈ సంచికను ఉర్దూలోగాని తెలుగులోగాని ఆమె చదువలేకున్నచో, ఒక సాయంకాలము ఆమె దగ్గర కూర్చుండి మీ మాటలలో చెప్పుడు. ఆమె చెప్పునది మీరును కొంత వినవలసి రావచ్చును.

కార్యవర్గమువారికి మా విన్నపము స్వల్పము. గ్రంథాలయము ప్రక్కన విరిగిన బల్లలు వేసిన గది ఒకటి కలదు. దానిని ఖాళీచేసి, లోపలినుండి గడియ, ఒక పంకా, ఒక చాప, రెండు కుర్చీలు, నీటి కుళాయి ఏర్పాటు చేసినచో చాలును. విశ్వవిద్యాలయమునకు హాజరు సడలింపు కొరకు కళాశాల తరఫున ఒక లేఖ పోవలెను; దాని ముసాయిదా మా శాఖ సిద్ధపరచినది. ఆసుపత్రి వారి ప్రసవ పత్రము తప్ప విద్యార్థినినుండి వేరొక సంజాయిషీ కోరరాదని అందులో వ్రాసినాము. ఏడాదికి రెండుమార్లు ఒక మనోవైద్యురాలు వచ్చి విద్యార్థినులతోను, వేరొక దినమున వారి తల్లులతోను మాటలాడు ఏర్పాటు కావలెను. ఆ సభకు ముఖ్య అతిథి, పూలదండలు, ఛాయాచిత్రములు వద్దు. 14416 అను సంఖ్య గుర్తింపు కార్డు వెనుక ముద్రించుటకు ఖర్చేమియు లేదు. కార్డులు జూన్‌లో ముద్రణకు పోవును. అంతకుముందు జరుగు సమావేశములో ఈ అంశమును చేర్చవలసినదిగా కోరుచున్నాము.